స్థలం కొనేముందు నీటి దారి చూడండి

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం చుట్టుపక్కల ఇళ్లు కట్టిస్తూ బతికే తాపీమేస్త్రిని. పునాదికి ముగ్గు పోయడానికి పిలిచినవాళ్లను ముందుగా ఒక మాట అడుగుతాను: పెద్ద వాన పడితే ఈ స్థలంలోంచి నీరు ఎటు పోతుంది? చాలామంది తెల్లమొహం వేస్తారు. శంకుస్థాపన ముహూర్తం పెట్టుకున్నాక ఈ అపశకునం మాటలేమిటని చిరాకుపడేవారూ ఉన్నారు. అయినా అడగడం మానను. పునాది పోశాక అడిగి లాభం లేదు కదా.

ఈ మధ్య మా మేనల్లుడు ఫోను చేశాడు. "మామయ్యా, ఊరి చివర స్థలం చూశాను. ధర బాగా తక్కువ. పునాది ఎంత లేపాలో చెబితే పని మొదలుపెడతాను" అన్నాడు.

"ధర ఎందుకు తక్కువో అడిగావా?"

"పక్కన చిన్న గెడ్డ ఉందట. అందులో నీరే ఉండదట."

నీరు లేని గెడ్డను (వాగును) చూపించిన బ్రోకరు వైశాఖంలో చూపించాడు. స్థలాల బేరాలన్నీ ఎండాకాలంలోనే జోరుగా సాగడం ఊరికే కాదు. మేనల్లుడికి ఫోనులో చెప్పినవి, చెప్పడానికి సమయం చాలనివి కలిపి ఇక్కడ రాస్తున్నాను.

వరద ఎందుకు పెరుగుతోంది

మన నదులు పొట్టివి, ఏటవాలువి. వంశధార కలహండి కొండల్లో పుట్టి రాయగడ, గజపతి జిల్లాల మీదుగా శ్రీకాకుళం జిల్లాలోకి దిగి, కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసేసరికి నడిచేది దాదాపు 250 కిలోమీటర్లు. నాగావళిదీ ఇంచుమించు అంతే దూరం. గోదావరిలా రోజుల తరబడి నింపాదిగా పెరిగి, కట్టుబట్టలు సర్దుకునే వ్యవధి ఇచ్చే వరద కాదు మనది. కొండల్లో రాత్రి కుండపోతగా కురిస్తే తెల్లారేసరికి ఊరి ముందు ఉంటుంది. పర్లాకిమిడిని ఒరుసుకుంటూ పోయే మహేంద్రతనయ మరీ చిన్నది కాబట్టి అది ఇచ్చే గడువు ఇంకా తక్కువ.

వాన తీరు కూడా మారింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచగలదు. బంగాళాఖాతం వేడెక్కింది. ఆ తేమంతా తూర్పు కనుమలకు తగిలినప్పుడు తక్కువ గంటల్లో ఎక్కువ వాన పడుతుంది. వాతావరణ శాఖ లెక్కలో ఒక రోజులో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.5 దగ్గర నుంచి అత్యంత భారీ. ఈ అంకెలు టీవీలో విని ఊరుకుంటాం గానీ నీటిలోకి మార్చి చూడండి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. ఎకరం మీద 200 మిల్లీమీటర్లు కురిస్తే ఎనిమిది లక్షల లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు నూట అరవై తెచ్చి ఒక్క ఎకరంలో కుమ్మరించినట్లు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి వెళ్లిపోయాక అసలు నష్టం మొదలైంది. గజపతి కొండల్లో కురిసిన వానకు వంశధార, మహేంద్రతనయ పొంగాయి. బరఘరా గ్రామంలో వాన నుంచి కాపాడుకోవడానికి కొండ గుహలో తలదాచుకున్నవాళ్ల మీద మట్టిచరియలు విరిగిపడి పది మందికి పైగా చనిపోయారు. పోనీ తుపాను వస్తేనే భయం అనుకుందామంటే అదీ కాదు. 2017 జులైలో తుపాను ఊసే లేకుండా రాయగడ జిల్లాలో కురిసిన వానకు తేరువలి, సింగపూర్ రోడ్ స్టేషన్ల మధ్య రైలు వంతెనలే కొట్టుకుపోయాయి.

ఆకాశం మన చేతిలో లేదు. నా పనిలో రోజూ కంటికి కనబడేది రెండో సగం, అది మాత్రం పూర్తిగా మన చేతి పనే. అరడుగు గట్టున్న వరి మడి ఎకరానికి ఆరు లక్షల లీటర్ల నీటిని ఆపి ఉంచుతుంది. ఆ మడిలో మొరం తోలి, చదును చేసి, ప్లాట్లు వేసి అమ్మేస్తే ఆ ఆరు లక్షల లీటర్లు ఎక్కడికి పోవాలి? పక్కవాడి ఇంట్లోకి. కొండ తొలిచి రోడ్డు వేసి, తవ్విన మట్టిని గెడ్డలోకే దొర్లిస్తే గెడ్డ లోతు తగ్గుతుంది. రోడ్డు కట్ట, రైలు కట్ట నీటికి అడ్డుగోడలే. వాటి కింద తూములు తెరిచి ఉన్నంతవరకే అవి మనకు మిత్రులు.

స్థలం చూసే పద్ధతి

మొదట కాగితం. ఒడిశా ప్రభుత్వ భూలేఖ్ వెబ్‌సైటులో ఖాతా నంబరో ప్లాటు నంబరో కొడితే పట్టా వస్తుంది. అందులో 'కిసం' (నేల రకం) అనే గడి చూడండి. ఘరబారి అంటే ఇంటి స్థలం. శారద అంటే వరి పొలం. జలాశయ (చెరువు), నాలా (కాలువ), నయనజోరి (రోడ్డు పక్క నీటి కాలువ) వంటి మాట ఏది కనబడినా బేరం అక్కడితో ఆపేయండి. పట్టా ఒడియాలో ఉంటుంది. చదవడం రాకపోతే బడికి వెళ్లే పిల్లలను పిలవండి, మన ఇళ్లలో ఆ పనికి పెద్దలకన్నా వాళ్లే నయం. పొలాన్ని ఇంటి స్థలంగా మార్చుకోవడానికి ఒడిశా భూసంస్కరణల చట్టంలోని 8-ఎ సెక్షన్ కింద తహసీల్దారు అనుమతి కావాలి. "అనుమతి ఉంది కదా, ఇంకేం భయం" అంటారు అమ్మేవాళ్లు. కాగితం మీద కిసం మారుతుంది, నేల పల్లం మారదు. మీ ప్లాటు నంబరుతో పాటు నాలుగు వైపులా ఉన్న నంబర్లూ తీసి చూడండి. పక్క ప్లాటు నాలా అయితే దాని వెడల్పు పాత నక్షాలో ఎంత ఉందో, నేల మీద ఎంత మిగిలిందో కొలవండి.

తర్వాత మనుషులు. అమ్మేవాడిని, బ్రోకరును వదిలేసి, అక్కడ పశువులు మేపేవాళ్లను, చుట్టుపక్కల పాత ఇళ్లలోని ముసలమ్మలను అడగండి. "ఇక్కడ వరద వస్తుందా?" అని అడిగితే "ఎప్పుడో వచ్చింది బాబూ" అని తేల్చేస్తారు. "1980 వరదకి నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయి? తిత్లీకి ఏ మెట్టు మునిగింది?" అని అడగండి. మెట్టు, గుమ్మం, తులసికోట పేరు చెప్పి అడిగితే మనుషుల జ్ఞాపకం ఎంత కచ్చితంగా ఉంటుందో మీకే తెలుస్తుంది.

ఇక నేల. జమ్ము, తుంగ, తూటికాడ దట్టంగా పెరిగిన చోట నీరు నెలల తరబడి నిలుస్తుంది. కంచె ముళ్లకు, చెట్ల కొమ్మలకు ఎండు గడ్డి పోచలు ఒకే ఎత్తులో చుట్టుకుని ఉంటే అది వరద వదిలి వెళ్లిన గీత. గడ్డపారతో మూడడుగుల గొయ్యి తీయించండి. గంట పని. గొయ్యి గోడలో సన్న ఇసుక ఒక పొర, బంక మట్టి ఒక పొర, మళ్లీ ఇసుక, ఇలా కనబడితే మీరు నిలబడింది పాత గెడ్డలోనే.

ఇప్పుడు మేస్త్రీల పని. పాత వరద గుర్తును మీ స్థలం మీదికి తెచ్చుకోవడానికి యంత్రాలు అక్కర్లేదు, లెవెల్ పైపు చాలు. సన్నటి తెల్లటి పారదర్శక పైపు, పదిహేను ఇరవై మీటర్లు కొనండి. ఒక చివర బకెట్లో ముంచి, రెండో చివర నోటితో పీల్చి నీరు నింపండి. మధ్యలో గాలి బుడగ ఒక్కటి ఉన్నా లెక్క తప్పుతుంది కాబట్టి పైపును వేలితో తట్టుతూ బుడగలన్నీ పైకి వెళ్లగొట్టాలి. ముందుగా రెండు చివరలూ పక్కపక్కన పట్టుకుని చూడండి, రెండు మట్టాలూ ఒకటిగా నిలవాలి. తర్వాత ఒకరు గుడి గోడ మీదో పాత ఇంటి గోడ మీదో ఉన్న వరద గీతకు నీటి మట్టం ఆనేలా ఒక చివర పట్టుకోవాలి. ఇంకొకరు రెండో చివరను కరెంటు స్తంభం దగ్గరికి తీసుకెళ్లి, నీరు నిలకడగా ఆగాక సుద్దతో గీత గీయాలి. ఆ స్తంభం నుంచి ఇంకో స్తంభానికి, అక్కడి నుంచి మీ స్థలంలో పాతిన కర్రకు. వీధి పొడవు దూరానికి ఈ లెక్క బాగా సరిపోతుంది. కిలోమీటరు దూరంలోని గుర్తుకు వాడకండి, పారే వరద మట్టం నది వాలును బట్టి తగ్గుతూ పోతుంది. కర్ర మీద గీత పడ్డాక ఇంటివాళ్ల మొహాలు చూడాలి. నా నడుము ఎత్తున గీత పడ్డ స్థలాలు ఉన్నాయి. అలాంటి చోట కొనవద్దనే చెబుతాను, నాకు పని పోయినా సరే.

కట్టేటప్పుడు

కర్ర మీది గీతకు రెండడుగులు పైన గది నేల ఉండాలి. ఇది నా లెక్క, వాన తీరు చూశాక పెంచుకున్న లెక్క. మొరం ఒకేసారి గుట్టగా పోయించకుండా, అరడుగు మందం చొప్పున పొరలుగా పోసి, తడిపి, దిమ్మిసతో గట్టిగా కొట్టించండి. ఇల్లు ఉన్న మేరకే ఎత్తు చేయండి. స్థలమంతా లేపేస్తే మీ వాటా నీరు పక్కింటికి పోతుంది, వాళ్లు వచ్చే ఏడు ఇంకో అడుగు లేపుతారు, ఆ పోటీకి అంతు లేదు.

ప్రహరీ విషయంలో మాత్రం అందరితోనూ గొడవ పడతాను. ఇంటికన్నా ముందు ప్రహరీ కట్టేస్తారు, చీమ దూరకుండా. గోడకు ఒకవైపే మూడడుగుల నీరు నిలిస్తే మీటరు పొడవుకు దాదాపు నాలుగు వందల కిలోల నెట్టుడు పడుతుంది. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ దానికి నిలవదు. పడితే లోపలికి పడుతుంది, లేదా వీధిలో నడిచేవాడి మీద పడుతుంది. నేల మట్టంలో ప్రతి ఆరేడు అడుగులకూ అడుగు వెడల్పు కన్నం వదిలి, ఇనుప జాలీ బిగించండి. నీరు రెండు వైపులా సమానంగా ఉంటే గోడ నిలుస్తుంది.

మిగతావి త్వరగా చెబుతాను. కింది అంతస్తు స్విచ్చులు, సాకెట్లు ఛాతీ ఎత్తుకు తగ్గకుండా పెట్టించండి, కింది అంతస్తుకు వేరే ఎం.సి.బి. (కరెంటు ఆపే స్విచ్చు) ఉండాలి. మరుగుదొడ్డి నుంచి సెప్టిక్ ట్యాంకుకు వెళ్లే గొట్టంలో ఎన్.ఆర్.వి. వాల్వు (నీటిని ఒకవైపే పోనిచ్చేది) వేయించండి, లేకపోతే వరద రోజున మురుగు వెనక్కి తన్ని ఇంట్లోకి వస్తుంది. మట్టితో పేర్చిన గోడలకు అడుగున మూడడుగుల వరకైనా సిమెంటు పని చేయించండి. గదిలో ఒక అటక తప్పకుండా ఉండాలి. పట్టా, ఆధార్, పిల్లల సర్టిఫికెట్లు, విత్తనాలు దాని మీదికి చేరాలి.

వీధి కాలువ, ఊరి చెరువు

తూముల దగ్గర మనవాళ్లు చేసే పొదుపు చూస్తే ఒళ్లు మండుతుంది. రెండడుగుల పైపు ఖరీదని అడుగు పైపు వేస్తారు. వ్యాసం సగమైతే పోయే నీరు సగం అవుతుందని వాళ్ల లెక్క. నిజానికి అదే వాలులో అడుగు పైపు మోసేది రెండడుగుల పైపు మోసేదానిలో దాదాపు ఆరో వంతు. పక్కపక్కన రెండు అడుగు పైపులు వేసినా మూడో వంతు కాదు. పైగా సన్న పైపుకు ఒక ప్లాస్టిక్ సంచి, ఒక కొబ్బరి మట్ట చాలు మూసుకుపోవడానికి. గుమ్మం ముందు కాలువ మీద ర్యాంపు కట్టుకునేవాళ్లు పైపు బదులు తీసి పెట్టే పలకలు వేయండి. కాలువ శుభ్రం చేయాలంటే పలక లేపాలి, పైపులోకి మనిషి దూరలేడు.

పూడిక మృగశిర కార్తెకు ముందే తీయాలి. తీసిన బురదను కాలువ ఒడ్డునే కుప్ప వేసి పోతారు, మొదటి వానకే అది మళ్లీ కాలువలో ఉంటుంది. బురద అదే రోజు బండి ఎక్కేలా మాట్లాడుకున్నాకే పని మొదలుపెట్టించండి.

చెరువు విషయంలో ఒకటే గొడవ: అలుగు. చేపలు పోతాయని ఒకరు, ఇంకో తడి నీరు దొరుకుతుందని ఇంకొకరు అలుగు మీద ఇసుక బస్తాలు పేరుస్తారు. అలుగు మీదుగా పోవలసిన నీరు గట్టు మీదుగా పోతే మట్టి గట్టు నిలవదు, గండి పడుతుంది. వానాకాలం మొదలయ్యే ముందు గట్టు వెనుక వైపు నడిచి చూడండి. ఊట కనబడితే దోసిట్లోకి పట్టండి. తేటగా ఉంటే రోజూ కనిపెట్టి చూడాలి. బురదగా ఉంటే గట్టు లోపలి మట్టి కొట్టుకొస్తోందని అర్థం, వెంటనే ఊరికి చెప్పాలి. బుడబుడా ఉబికే ఊట నోట్లో బస్తా కుక్కకండి, పక్కన ఇంకో చోట తన్నుకొస్తుంది. దాని చుట్టూ బస్తాలు గుండ్రంగా పేర్చి, లోపల నీటి మట్టం పెరగనివ్వండి. బరువుకు ఊట జోరు తగ్గుతుంది.

పొలం నా పని కాదు గానీ, పల్లపు మడులున్నవాళ్లకు ఒక మాట. మారుటేరు వరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన స్వర్ణ అనే వరి రకానికి, ఒడిశా దేశవాళీ వరి నుంచి ఎంచిన ఎఫ్.ఆర్. 13ఎ రకంలోని మునకను తట్టుకునే గుణం చేర్చి 2009లో స్వర్ణ-సబ్1 విడుదల చేశారు. పైరు రెండు వారాల దాకా పూర్తిగా మునిగినా నీరు తీశాక మళ్లీ చిగురిస్తుంది. పూత మీద మునిగితే మాత్రం అదీ కాపాడలేదు.

నీరు వస్తోందని తెలిసినప్పుడు

కాశీనగర్ వాళ్లు ఎగువనున్న గుణుపురం వైపు చూడాలి, దిగువన హిరమండలం వాళ్లు కాశీనగర్ వైపు. వంశధార ప్రమాద స్థాయి గుణుపురం దగ్గర 84 మీటర్లు, కాశీనగర్ దగ్గర 54.60 మీటర్లు. సముద్రమట్టం నుంచి లెక్క కాబట్టి ఆ అంకెలు చూసి కంగారు పడనక్కర్లేదు. కేంద్ర జల సంఘం ఫ్లడ్‌వాచ్ ఇండియా యాప్‌లో మట్టాలు కనబడతాయి. పెరుగుతోందా, ఎంత వేగంగా పెరుగుతోంది అన్నదే ముఖ్యం. ఒక పని చేయండి: నీరు మీ వీధి మొదట్లోని స్తంభాన్ని తాకిన రోజు యాప్‌లో నది మట్టం ఎంత ఉందో క్యాలెండరు వెనుక రాసి పెట్టండి. రెండు వరదలయ్యాక మీ వీధికి సొంత ప్రమాద స్థాయి తయారవుతుంది. ప్రభుత్వం చెప్పే అంకె జిల్లాకు, ఇది మీ గుమ్మానికి.

ఇంట్లోంచి వెళ్లేముందు మెయిన్ ఆపండి. గ్యాసు సిలిండరు రెగ్యులేటరు తీసి, సిలిండరును కిటికీ ఊచకు కట్టండి, అది తేలుతుంది. నేలలోని సంపును మంచినీటితో నిండా నింపి మూత బిగించండి. ఖాళీ సంపును తడిసిన నేల పైకి తోసేస్తుంది, స్లాబు పగిలిపోతుంది. సెప్టిక్ ట్యాంకును కూడా ఆ రోజుల్లో ఖాళీ చేయించకండి. మరుగుదొడ్డి బేసిన్ మీద ఇసుక బస్తా పెట్టండి. పశువుల పలుపులు విప్పేయండి.

కాజ్‌వే మీద నీరు పారుతుంటే దాటకండి. అరడుగు లోతున్న పారే నీరు మనిషిని పడగొట్టగలదు, రెండడుగులు ఉంటే కారును మోసుకుపోతుంది. పైగా నీటి కింద రోడ్డు ఉందో, కోసుకుపోయిందో కనబడదు. కొండవాలు ఊళ్లవాళ్లు వాలు కింద, బండల కింద తలదాచుకోకుండా తుపాను షెల్టరుకో బడికో ముందే చేరాలి. జిల్లా కంట్రోలు రూము నంబరు 1077, అత్యవసరమైతే 112.

నీరు తీశాక

మట్టి గోడలు వరదలో కన్నా తర్వాతి ఎండలో ఎక్కువ పడతాయి. అడుగు నానిపోయి, పైబరువు మోయలేక కూలుతుంది. మూలల్లో పగుళ్లు, గోడ ఉబ్బు చూసుకోకుండా ఆ ఇంట్లో రాత్రి పడుకోకండి. బురద ఆరకముందే పారతో తోసేయండి, ఆరితే సగం పని పెరుగుతుంది. మెయిన్ వేసేముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. తొలగించే సామాను కదిపేముందు కర్రతో తట్టండి, పాములు పొడి చోటు వెతుక్కుంటాయి. కాటు పడితే కట్లు కట్టి, కోతలు పెట్టి సమయం పోగొట్టకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

బావి మునిగితే బురద నీరు తోడించాలి. చుట్టూ నేల ఇంకా నీటితో నిండి ఉంటే ఒక్క రోజే అడుగంటా తోడకండి, ఒరలు లోపలికి కూలుతాయి. నీరు తేరుకున్నాక వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు లెక్క. రెండు మీటర్ల వ్యాసం, మూడు మీటర్ల నీరున్న బావిలో సుమారు 9,400 లీటర్లు ఉంటాయి, అంటే దాదాపు 24 గ్రాములు. బకెట్లో కలిపి, సున్నపు మడ్డి అడుగుకు దిగాక పైతేట మాత్రమే బావిలో పోసి చేదతో బాగా కలపండి. గంట ఆగాలి. రంగు మిగిలిన నీటికి ఈ మోతాదు చాలదు, ఆశా కార్యకర్తతో క్లోరిన్ పరీక్ష చేయించి పెంచుకోవాలి. అంతవరకు కాచిన నీరే తాగండి.

పండగ వస్తోందని గోడలకు వెంటనే ప్లాస్టరు, రంగు వేయించమని నన్ను తొందరపెట్టేవాళ్లు చాలామంది. తడి లోపల ఉండగా పైన మూసేస్తే ఆ రంగు పొక్కులెత్తి రాలిపోతుంది. దొప్పలు లేచిన పాత ప్లాస్టరును చెక్కేసి, కిటికీలు తీసి పెట్టి గోడను ఆరనివ్వండి. రాత్రి పలుచటి ప్లాస్టిక్ కాగితం ముక్కను గోడకు నాలుగంచులా టేపుతో అంటించి, మర్నాడు తీసి చూడండి. వెనుక చెమ్మ కనబడితే ఇంకా ఆగాలి. కనబడకపోతే అప్పుడు పిలవండి, వస్తాను.